గిలకకు కుట్టు నేర్పిన వైద్యుడు – ఎడ్వార్డో బస్సీనీ

గత విద్యా సంవత్సరంలో, దాళ్వా కోతలు ఇంకా ముగియకముందే, మా కళాశాలలో బి.ఎస్సీ. చదువుతున్న ఒక విద్యార్థిని తండ్రిగారు మమ్ములను చూడవచ్చారు. ఆయన డెల్టాలోని ఒక ధాన్యపు మిల్లులో హమాలీ. 75 కిలోల బస్తాను వీపున వేసుకొని లారీ పలక ఎక్కడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. రెండేళ్లుగా ఆయన కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తున్నది. బరువు ఎత్తితే పైకి వస్తుంది, వెల్లకిలా పడుకొంటే లోపలికి పోతుంది. మన గోదావరి తీరాన బోదకాలు, వరిబీజం తరతరాలుగా ఎరిగిన వ్యాధులు గనుక, ఇదీ వరిబీజమేనని ఇంటివారు అనుకొన్నారు. చివరకు ఒక వైద్యుని వద్దకు వెళ్లగా, ఆయన పడుకోబెట్టి, దగ్గమని చెప్పి, వేలితో పరీక్షించి, ఇది వరిబీజం కాదనీ, గిలక అనీ, అనగా హెర్నియా అనీ తేల్చి, శస్త్రచికిత్స చేసి మెష్ వేయవలసి ఉంటుందని చెప్పారు.

మెష్ అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయారు. తోటి హమాలీ ఒకరు మెష్ వేయించుకొని, ఏడాది గడచినా గజ్జలో సలుపు తగ్గక, ఆ పనే మానుకొన్నారట. ప్లాస్టిక్ వల ఒకటి ఒంటిలో జీవితాంతం ఉండిపోవడం ఈయన మనసుకు ఒప్పలేదు. వల లేకుండా మన ఒంటి కండతోనే కుట్టే పద్ధతి ఒకటి ఉన్నదని ఎవరో చెప్పారు. అది ఉన్నమాట నిజమేనా, ఉంటే బస్తాలు మోసే మనిషికి ఆగుతుందా, ఆగకపోతే కూతురి చదువు ఏమవుతుంది అన్నవి ఆయన ప్రశ్నలు. జీవశాస్త్రం బోధించేవారికి తెలిసి ఉంటుందని మా వద్దకు వచ్చారు. మేము వైద్యులము కాము. ఆ మాటే చెప్పి, చదివి తెలుసుకొని చెబుతామన్నాము.

అలా చదువుతూ పోగా, వల లేని ఏ పద్ధతి మూలాన్ని వెదకినా ఒకే మనిషి దగ్గరకు చేరుకొన్నాము. ఆయన పేరు ఎడ్వార్డో బస్సీనీ. శస్త్రవైద్య విద్యార్థులు పరీక్షలకు ఆ పేరు వల్లె వేస్తారు. తక్కినవారు విని ఉండరు. ఆయన జీవితం మా విద్యార్థులు తెలుసుకోదగినదని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

బస్సీనీకి ముందు ఈ వ్యాధి స్థితి ఏమిటో కొంత చెప్పవలసి ఉన్నది. గిలక మనిషికి కొత్త వ్యాధి కాదు. మన సుశ్రుతుడు దీనిని ఆంత్రవృద్ధి అని పిలిచి, ప్రేగు వృషణకోశంలోకి దిగిపోయిన తరువాత చికిత్సకు లొంగదని విడిచిపెట్టాడు. మా ఉర్దూ శాఖ విద్యార్థులకు పరిచయమైన ఖుర్తుబా నగరపు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ, పదవ శతాబ్దంలో 30 భాగాలుగా రచించిన కితాబుత్ తస్రీఫ్‌లో చివరి భాగాన్ని శస్త్రవైద్యానికే కేటాయించి, పనిముట్ల బొమ్మలతో సహా వివరించాడు. గజ్జలోని ఉబ్బుకు కాల్చిన ఇనుముతో వాత పెట్టే విధానం అందులో ఉన్నది. ఆ భాగం 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లి, కొన్ని వందల ఏళ్లు ఐరోపా వైద్యులకు పాఠ్యగ్రంథమయింది. అయినా గిలక మాత్రం లొంగలేదు. ఊరూరా తిరుగుతూ గిలకలు కోసే వారు ఐరోపాలో ఉండేవారు. వారు తిత్తితో పాటు వృషణాన్ని కూడా కోసివేసేవారు. ఆ కోతకు సిద్ధపడనివారు నడుముకు తోలు పట్టీ బిగించుకొని, అది ఒరుసుకొంటున్నా భరిస్తూ, బ్రతికినంత కాలం గడపవలసిందే. ప్రేగు ఒకనాడు ఇరుక్కొని లోపలికి పోకుండా బిగుసుకొన్నదా, వాంతులతో, భరించరాని నొప్పితో రోగి రెండు మూడు రోజులలో మరణించేవాడు. ఈ చివరి ప్రమాదం నేటికీ ఉన్నది. ఉబ్బు గట్టిపడి, నొప్పి పుట్టి, లోపలికి పోకపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవలసినదే.

ఎడ్వార్డో బస్సీనీ 1844 ఏప్రిల్ 14న ఇటలీ ఉత్తర భాగాన, పావియా నగరంలో జన్మించాడు. మన రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు పుట్టింది అందుకు నాలుగేళ్ల తరువాత. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లో బస్సీనీ ఎనిమిదేళ్ల బాలుడు. నాటికి ఇటలీ ఒక దేశం కాదు. పావియా ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది, రోము నగరం పోపుగారి పాలనలో ఉండేది. ముక్కలైన దేశాన్ని ఒకటిగా చేయాలని గరిబాల్డి నాయకత్వాన యువకులు తుపాకులు పట్టిన కాలం అది. బస్సీనీ 1866లో, 22 ఏళ్ల వయసున, పావియా విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టం పొందాడు. పట్టం చేతికి వచ్చినవాడు వైద్యశాల తెరవాలి గదా, ఇతడు గరిబాల్డి దళంలో చేరాడు. అదీ వైద్యునిగా కాదు, మామూలు సిపాయిగా.

మరుసటి ఏడు, 1867 అక్టోబరులో, పావియాకే చెందిన కైరోలి సోదరులు సుమారు 70 మంది యువకులను వెంటబెట్టుకొని రోము నగరంలో తిరుగుబాటు లేవదీయడానికి బయలుదేరారు. బస్సీనీ వారిలో ఒకడు. నగరం వెలుపల విల్లా గ్లోరి అనే తోటలో అక్టోబరు 23న పోపు సైనికులు వారిని ఎదుర్కొన్నారు. ఎన్రీకో కైరోలి అక్కడే నేలకొరిగాడు. అతని తమ్ముడు జొవాన్నీ తగిలిన గాయాలతో రెండేళ్లు తీసుకొని మరణించాడు. బస్సీనీకి కుడి గజ్జ ప్రాంతంలో బాయొనెట్ దిగింది. అది పొట్ట లోపలికి పోయి పెద్దప్రేగు మొదటి భాగాన్ని చీల్చింది. శత్రువులకు బందీగా చిక్కిన ఆ యువకునికి గాయం నుంచి మలం బయటికి కారసాగింది.

ఇక్కడ చదువరులు ఒక్క క్షణం ఆగాలని మా కోరిక. 23 ఏళ్ల వైద్యపట్టభద్రుడు, శత్రువుల ఆసుపత్రిలో, తన ప్రేగులో ఏమి ఉన్నదో తన గజ్జలో నుంచే చూస్తూ నెలల తరబడి మంచాన పడి ఉన్నాడు. క్రిముల వల్ల గాయాలు కుళ్లుతాయని, వాటిని కార్బాలిక్ ఆమ్లంతో అరికట్టవచ్చునని ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ లిస్టర్ తన మొదటి వ్యాసాలు ప్రకటించింది కూడా సరిగా ఆ 1867వ సంవత్సరంలోనే. ఆ వార్త ఇంకా రోముకు చేరలేదు. బస్సీనీ బ్రతికాడంటే ఒంటి సత్తువ వల్ల కొంత, అదృష్టం వల్ల కొంత.

విడుదలైన తరువాత అతడు పావియాకు తిరిగి వచ్చి, తన గురువూ ప్రసిద్ధ శస్త్రవైద్యుడూ అయిన లుయీజీ పోర్టా చికిత్సలో చేరాడు. గాయం మెల్లగా మూసుకొన్నది. రోగిగా చేరినవాడు కోలుకొని అదే గురువుకు సహాయకుడయ్యాడు. తరువాత పోర్టా ప్రోత్సాహంతో ఐరోపా అంతా తిరిగి చూశాడు. వియన్నాలో బిల్‌రోత్‌ను, బెర్లిన్‌లో లాంగెన్‌బెక్‌ను, లండన్‌లో లిస్టర్‌ను దగ్గర నుంచి గమనించాడు. బిల్‌రోత్ దగ్గర కత్తి పట్టడం, లిస్టర్ దగ్గర చేయి కడుగుకోవడం నేర్చుకొన్నాడని చెబితే అది పూర్తిగా పరిహాసం కాదు. క్రిములు లేని కోత సాధ్యమని తెలిసిన తరువాతనే గజ్జ వంటి చోట తీరికగా, పొర పొరనూ విడదీసి చూడడానికి శస్త్రవైద్యునికి ధైర్యం వచ్చింది.

లా స్పెజియా రేవుపట్టణంలో కొంత కాలం ఆసుపత్రి ఉద్యోగం చేసి, బస్సీనీ 1882లో పాదువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1222లో స్థాపితమైన ఆ విద్యాలయంలోనే వెసాలియస్ శవచ్ఛేదం చేసి శరీరశాస్త్రాన్ని తిరిగి వ్రాశాడు. అటువంటి చోట కోసి చూడకుండా మాట చెప్పడం చెల్లదు. బస్సీనీకి ఆ గాలి సరిపడింది. 1888లో శస్త్రవైద్య పీఠాధిపతి అయి, 1919లో విరమించే దాకా అక్కడే ఉన్నాడు.

నాటి శస్త్రవైద్యులు గిలకకు చేసేది ఏమంటే, బయటికి వచ్చిన తిత్తిని కట్టివేసి, బయటి రంధ్రాన్ని కుట్టి, పైన గట్టి మచ్చ కడుతుందని ఆశించడం. కుట్టు మానిన తరువాత కూడా తోలు పట్టీ వేసుకొమ్మని చెప్పి పంపేవారు. పట్టీ అవసరమైతే అది నయమైనట్లు ఎలా అవుతుంది? ఏడాది తిరిగేలోగా ఎందరికో మళ్లీ వచ్చేది, నాలుగేళ్లకు ఇంచుమించు అందరికీ వచ్చేది. బస్సీనీ కూడా మొదట ఇతరులు చెప్పిన పద్ధతులే చేసి చూశాడు, ఫలితం చూసి అసంతృప్తి చెందాడు. అప్పుడు శవాల గజ్జలను విడదీసి చూడడం మొదలుపెట్టాడు.

ఆయన చూసినది ఇది. గజ్జలో కండరాల మధ్య ఏటవాలుగా పోయే ఒక నాళం ఉన్నది. పురుషులలో వృషణం నుంచి వచ్చే వీర్యనాళం, రక్తనాళాలు ఆ దారిలోనే పొట్టలోకి పోతాయి. ఆ దారికి లోపలి ద్వారం ఒకటి, బయటి ద్వారం ఒకటి. ఈ రెండూ ఎదురెదురుగా ఉండవు, ఒకటి పక్కకు జరిగి ఉంటుంది. మన పాత మండువా ఇళ్లలో వీధి గుమ్మానికి పెరటి గుమ్మం ఎదురుగా ఉంటే గాలి రివ్వున కొట్టుకుపోతుంది, పక్కకు జరిపి కడితే పోదు. శరీరం కూడా ఆ విధంగానే కట్టుకొన్నది. దగ్గినపుడు, బరువు ఎత్తినపుడు కండరాలు బిగిసి, నాళపు ముందు గోడ వెనుక గోడకు ఆనుకొని దారి మూసుకొంటుంది. గిలక వచ్చిన వానిలో వెనుక గోడ సడలి పోతుంది, రెండు ద్వారాలూ ఒకదానికొకటి ఎదురు వస్తాయి. అటువంటప్పుడు బయటి ద్వారాన్ని కుట్టడం వల్ల ప్రయోజనం లేదు. వెనుక గోడను తిరిగి కట్టాలి.

1884 చివర ఆయన మొదటిసారి ఆ విధంగా చేశాడు. పై పొరను తెరచి, వీర్యనాళాన్ని పక్కకు తీసి, వెనుక గోడలోని పలుచని పొరను కూడా ఒక కొస నుంచి మరొక కొస వరకు చీల్చి, తిత్తిని ఎత్తున కట్టి, లోపలి రెండు కండరాలనూ ఆ పొరనూ మూడింటినీ కలిపి ఒకే మందమైన అంచుగా పట్టుకొని, క్రింద గజ్జ వెంట సాగే గట్టి బంధనానికి పట్టుదారంతో విడివిడి కుట్లు వేశాడు. దాని మీద వీర్యనాళాన్ని తిరిగి ఉంచి, పై పొరను మూశాడు. ఏటవాలు దారి మళ్లీ ఏర్పడింది. అన్యపదార్థమంటూ ఒంటిలో మిగిలినది ఆ దారపు ముడులే.

1887లో జెనోవాలో ఇటలీ శస్త్రవైద్యుల సభలో తన మొదటి ఫలితాలు చెప్పాడు. 1889లో పాదువా నుంచి ప్రకటించిన గ్రంథంలో 262 శస్త్రచికిత్సల వివరాలు ఉన్నాయి. మళ్లీ వచ్చినవి నూటికి సుమారు మూడు. నాలుగేళ్లకు దాదాపు అందరికీ తిరిగి వచ్చే రోజులలో ఆ అంకె ఎంత నమ్మశక్యం కానిదో ఊహించవచ్చును. మాకు అంకె కన్నా మరొకటి గొప్పగా తోచింది. ఆయన రోగులను ఇంటికి పంపి మరచిపోలేదు. నెలలు, సంవత్సరాలు గడచిన తరువాత వారి గజ్జ ఎట్లున్నదో విచారించి, పట్టిక వేసి, తనకు తప్పిపోయిన వాటిని కూడా అందులో చేర్చాడు. వైద్యచరిత్రలో అంతకు ముందు కూడా నేర్పరులు ఉన్నారు. తన కుట్టు ఎన్నాళ్లు ఆగిందో లెక్క వ్రాసి చూపినవారు తక్కువ.

అదే 1889లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు విడిగా ఇంచుమించు ఇటువంటి పద్ధతినే ప్రకటించాడు. ఎవరు ముందు అన్న వాదు కొన్నాళ్లు సాగింది. దానితో మనకు పని లేదు.

బస్సీనీ కీర్తి దేశదేశాలకు పాకింది. ఇటలీ రాజ్యసభలో సభ్యత్వం లభించింది. తొడ పైభాగాన వచ్చే మరొక రకపు గిలకకు, జారిన మూత్రపిండానికి కూడా ఆయన చికిత్సలు కనిపెట్టాడు. 1919లో, మన వీరేశలింగం పంతులుగారు కన్నుమూసిన ఏడే, ఆయన పీఠం విడిచాడు. 1924 జూలైలో వెరోనా సమీపాన విగాసియో గ్రామంలో, 80 ఏళ్ల వయసున మరణించాడు.

అయితే కథ ఇక్కడ ముగియదు. మా హమాలీ పెద్దమనిషి ప్రశ్నకు జవాబు ఆయన మరణానంతర చరిత్రలోనే ఉన్నది.

బస్సీనీ పద్ధతి పేరు ప్రపంచమంతా మ్రోగింది గాని, పద్ధతి మాత్రం ప్రయాణంలో చిక్కిపోయింది. వెనుక గోడలోని పొరను పూర్తిగా చీల్చి, మూడు పొరలనూ కలిపి కుట్టడం శ్రమతో కూడిన పని. ప్రేగులకు, రక్తనాళాలకు దగ్గరగా కత్తి ఆడవలసి ఉంటుంది. సముద్రాలు దాటిన చోట చాలామంది ఆ మెట్టును వదలివేసి, పైపైన కనిపించే కండరాన్ని లాగి బంధనానికి కుట్టి, దానినే బస్సీనీ చికిత్స అన్నారు. సహజంగానే గిలకలు మళ్లీ వచ్చాయి. నూటికి మూడు కాస్తా పది, అంతకు పైన అయింది. నింద మాత్రం పాదువా ఆచార్యునికి పోయింది. ఆయన శిష్యుడు ఆటీలియో కత్తెరీనా 1930 ప్రాంతాలలో గురువుగారి అసలు పద్ధతిని మెట్టు మెట్టుగా చిత్రాలతో అచ్చువేయించి, మీరు చేస్తున్నది ఆయన చేసినది కాదని చూపవలసి వచ్చింది. వినేవారు అప్పటికి తక్కువయ్యారు.

విన్నంత పని చేసినవాడు కెనడాలో ఉన్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గిలక ఉన్నదని సైన్యం తిప్పిపంపిన యువకులకు ఎర్ల్ షోల్డైస్ అనే వైద్యుడు చికిత్స చేయసాగాడు. ఆయన బస్సీనీ వలెనే వెనుక గోడను తెరచి, పొరల మీద పొరలుగా సన్నని ఉక్కు తీగతో కుట్టేవాడు. మత్తు ఆ చోటికి మాత్రమే ఇచ్చి, రోగిని బల్ల మీద నుంచి నడిపించేవాడు. 1945లో టొరంటోలో గిలకలకే ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి స్థాపించాడు. అది నేటికీ ఉన్నది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1993 నుంచి 2007 దాకా జరిగిన 2,35,000కు పైగా గిలక శస్త్రచికిత్సల లెక్క తీయగా, ఆ ఆసుపత్రిలో చేయించుకొన్నవారిలో నూటికి 1.15 మందికి మాత్రమే తిరిగి శస్త్రచికిత్స అవసరపడింది. తక్కిన ఆసుపత్రులలో అది ఇంచుమించు అయిదు. షోల్డైస్ వారు బాగా స్థూలకాయులను బరువు తగ్గి రమ్మంటారు గనుక పోలిక పూర్తిగా సమానం కాదని కూడా చెప్పాలి. అయినా, ఒకే పనిని దినదినం చేసే చేతికీ, నెలకొకసారి చేసే చేతికీ తేడా ఎంతో అందులో కనిపిస్తున్నది.

మెష్ ఈ నేపథ్యంలోనే వచ్చింది. 1950ల చివర అమెరికాలో ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ దారంతో నేసిన వలను ప్రవేశపెట్టాడు. 1980లలో లిక్టెన్‌స్టైన్ దానిని అందరూ చేయగల సులభ పద్ధతిగా మార్చాడు. కండరాలను లాగి కుట్టనక్కర లేదు, బలహీనమైన చోట వల పరచి చుట్టూ కుట్టడమే. వల రంధ్రాలలో మన ఒంటి కణజాలం పెరిగి గోడ గట్టిపడుతుంది. నేర్చుకోవడం తేలిక, సగటు వైద్యుని చేతిలో కూడా ఫలితం నిలకడగా ఉంటుంది. వల వేసిన ప్రతి 46 మందిలో ఒకరికి, వల లేకుంటే మళ్లీ వచ్చి ఉండే గిలక తప్పుతుందని 2018 నాటి ఒక పెద్ద సమీక్ష తేల్చింది. అదే ఏడు వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మెష్‌నే సిఫారసు చేసి, మెష్ వద్దనేవారికి షోల్డైస్ పద్ధతిని మేలైనదిగా చెప్పాయి. నెలల తరబడి సలుపు ఉండిపోయేవారు నూటికి 10 నుంచి 12 మంది దాకా ఉంటారని కూడా అవి ఒప్పుకొన్నాయి. అయితే అందులో ఒక మాట ఉన్నది. ఆ సలుపు వల వల్లనే రాదు. గజ్జలోని నరాలు కుట్టులో చిక్కినా, తెగినా వస్తుంది. వల లేని కుట్టులోనూ వస్తుంది.

మన దేశంలో కూడా ఈ రంగాన చెప్పుకోదగిన కృషి జరిగింది. పూణెకు చెందిన డాక్టర్ దేసర్దా, రోగి పై పొరలోనే ఒక పట్టెను, తెగిపోకుండా రెండు కొసలూ అంటిపెట్టుకొని ఉండగానే, వెనుక గోడ మీదికి జరిపి కుట్టే పద్ధతిని 2001లో ప్రకటించారు. పోలండులో 208 మందిపై జరిపిన పరీక్షలో మూడేళ్లకు మెష్ వర్గంలో ఇద్దరికీ, దేసర్దా వర్గంలో ఇద్దరికీ గిలక తిరిగి వచ్చింది. అంటే సమానమన్నమాట. మహారాష్ట్రలోనే మరొక వైద్యుడు కొనలేని పేదలకు దోమతెర గుడ్డనే శుద్ధిచేసి మెష్‌గా వేయడం మొదలుపెట్టగా, 2016లో ఉగాండాలో దానిని పరీక్షించి ఖరీదైన మెష్‌కు తీసిపోదని చూపారు. దోమల వల్ల బోదకాలూ వరిబీజమూ అనుభవించిన మన డెల్టావారికి, ఆ దోమతెర గుడ్డ గజ్జను కాపాడడం వింతగా తోచక మానదు.

ఇంతవరకు చదివి, ఆ పెద్దమనిషికి కబురు చేశాము. ఆయన కూతురితో కలిసి వచ్చారు. ముందుగా, నొప్పి లేని చిన్న గిలక అయితే కొంత కాలం కనిపెట్టి ఉండడం కూడా పురుషుల విషయంలో ఒక మార్గమేనని, అమెరికాలో 720 మందిపై చేసిన పరిశీలనలో అలా ఆగినవారికి ప్రేగు బిగుసుకొనే ప్రమాదం మిక్కిలి తక్కువగా కనిపించిందని, కాని పదేళ్లు తిరిగేసరికి వారిలో మూడింట రెండు వంతుల మంది నొప్పి వల్ల శస్త్రచికిత్సకే వచ్చారని చెప్పాము. బస్తాలు మోస్తూ ఆగడం తనవల్ల కాదని ఆయన అన్నారు. తరువాత బస్సీనీ కథ చెప్పాము. బాయొనెట్ సంగతి దగ్గర ఆయన తన గజ్జ మీద చేయి వేసుకొన్నారు.

కుట్టు సంగతి వివరించబోతే ఆయనే మాకు వివరించారు. గోనెసంచి చిరిగినపుడు రెండు అంచులనూ దగ్గరకు లాగి దబ్బనంతో కుట్టవచ్చునట. నేత గట్టిగా ఉండి, కుట్టేవానికి ఎంత లోపలికి పట్టాలో తెలిస్తే ఆ కుట్టు ఆగుతుంది. నేత పీలిపోయిన సంచిలో కుట్టు ఆగుతుంది గాని కుట్టు పక్కన చిరుగుతుంది. అటువంటి దానికి మాసిక వేయక తప్పదు. మాసిక అడ్డదిడ్డంగా వేస్తే బస్తా మోసేవాని వీపు ఒరుసుకొంటుంది. మేము రెండు వారాలు చదివినది ఆయన రెండు నిమిషాలలో చెప్పివేశారు. అప్పుడు మాకు తోచిన సలహా ఒక్కటే ఇచ్చాము. మెష్ కావాలా వద్దా అన్న ప్రశ్న కన్నా ముందు, చేసే వైద్యుని చేయి దేనిలో తిరిగిందో అడగండి అన్నాము. మెష్ లేని కుట్టు ఎన్ని వేశారు, వాటిలో ఎన్ని మళ్లీ వచ్చాయి, ఏడాది తరువాత సలుపు ఉంటే ఎవరు చూస్తారు అని ముగ్గురు మూడు చోట్ల అడిగినా తప్పు లేదన్నాము. పెద్ద వైద్యుణ్ణి అలా అడగవచ్చునా అని ఆయన సంకోచించారు. కూతురు తాను అడుగుతానన్నది.

ఆ అమ్మాయి అడిగింది. జవాబు చెప్పిన శస్త్రవైద్యులు కోపగించలేదట. విద్యార్థిగా ఉన్నపుడు బస్సీనీ కుట్టు నేర్చుకొన్నామని, ఇప్పుడు ప్రేగు కుళ్లి క్రిములు చేరినచోట తప్ప అది వేయడం లేదని, పిల్లలకైతే తిత్తి కట్టడంతోనే సరిపోతుందని, పెద్దలకు తమ చేయి ఏళ్లుగా మెష్‌లోనే తిరిగిందని, మెష్ లేని పద్ధతే కావాలంటే దానినే నిత్యం చేసేవారి వద్దకు వెళ్లడం మేలని ఉన్నది ఉన్నట్లు చెప్పారు. తండ్రీ కూతుళ్లు ఆ రాత్రి ఇంట్లో ఏమి మాట్లాడుకొన్నారో మాకు తెలియదు. మరునాడు ఉదయం ఆయన తిరిగి ఆ వైద్యుని వద్దకే వెళ్లి మెష్ వేయించుకొన్నారు. మెష్ లేని చికిత్స కోసం ఇంత చదివించి చివరకు మెష్ వైపు వెళ్లారేమని మా సహాధ్యాపకులొకరు ఆశ్చర్యపడ్డారు. మాకు ఆశ్చర్యం కలుగలేదు. లెక్క దాచకుండా చెప్పినవారిని ఆయన నమ్మారు.

శస్త్రచికిత్స జరిగి ఇప్పటికి అయిదు నెలలు. కుట్టు దగ్గర కొంత తిమ్మిరి ఉన్నదట, సలుపు లేదట. మిల్లు యజమాని ఆయనను మోత నుంచి తప్పించి, నిండిన బస్తాల మూతులు కుట్టే పనిలో పెట్టాడు. కూలి కొంత తగ్గింది. కూతురు మాత్రం ఈ ఏడు మూడవ సంవత్సరంలో ఫీజు కట్టింది. గజ్జ నాళపు రెండు ద్వారాలనూ, వెనుక గోడనూ, బస్సీనీ కుట్లనూ చూపుతూ ఆమె గీసిన పటం మా జీవశాస్త్ర ప్రయోగశాలలో తలుపు పక్కన గోడకు ఉన్నది.